కాన్పుకు ముందే రక్తం సంగతి చూసుకోండి

ప్రశ్న: మా చెల్లికి ఏడో నెల. హిమోగ్లోబిన్ 8.2 ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు చేయిద్దామనుకున్నాం. కానీ పోయినేడు మా ఊరమ్మాయి ఒకరు అక్కడే కాన్పయ్యాక చనిపోయింది. అప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. బాలింతలు ఎందుకిలా చనిపోతున్నారు? అప్పు చేసైనా ప్రైవేటుకు వెళ్లమంటారా?
- ఒక సోదరి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: మీ అమ్మగారు భయపడటంలో తప్పు లేదమ్మా. 2018-20 లెక్కల్లో మన దేశంలో లక్ష మంది బిడ్డలు పుడితే 97 మంది తల్లులు చనిపోయారు. తెలంగాణలో 43, అస్సాంలో 195. వీటిలో చాలావరకు ఆపగలిగిన మరణాలే.

ముఖ్య కారణం కాన్పు తర్వాత రక్తస్రావం. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. మాయ బయటికొచ్చాక గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే అది ఆగుతుంది. ముడుచుకోకపోతే రెండు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ చేసేది ఇందుకే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకపోతే మందు బలం తగ్గిపోతుంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి తట్టుకునే రక్తస్రావాన్ని 7 ఉన్న తల్లి తట్టుకోలేదు. బీపీ పెరిగి ఫిట్స్ రావడం, ఇన్ఫెక్షన్ తర్వాతి కారణాలు.

ఆస్పత్రుల లోపాలూ ఉన్నాయి. పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆస్పత్రికి పంపుతారు. అక్కడ రాత్రిపూట మత్తు డాక్టర్ లేరనో, రక్తం లేదనో మళ్లీ పెద్దాసుపత్రికి రాస్తారు. విలువైన గంటలన్నీ దారిలోనే పోతాయి. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో చేయి దాటిన కేసులు కూడా చాలాసార్లు చివరికి ఆ ప్రభుత్వ పెద్దాసుపత్రికే చేరతాయి, మరణం ఆ ఆస్పత్రి లెక్కలో పడుతుంది. కిక్కిరిసిన వార్డులో ఒక్క నర్సే ఉంటే రక్తం పోతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. సిబ్బందిని, రక్తాన్ని సమకూర్చాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. దాని గురించి గట్టిగా అడిగే హక్కు మీకుంది.

అప్పు చేయొద్దు. రక్తం దొరకని చిన్న ప్రైవేటు ఆస్పత్రి మీ చెల్లికి ఇంకా ప్రమాదం. మీరు అనుకున్న చోట రాత్రిళ్లు కూడా మత్తు డాక్టర్ ఉంటారా, బ్లడ్ బ్యాంకు ఉందా అని ఇప్పుడే అడగండి. లేకపోతే ఆ రెండూ ఉన్న ప్రభుత్వాసుపత్రిలో పేరు రాయించండి.

8.2 అంటే మధ్యస్థాయి రక్తహీనత. ఇంకా టైముంది కానీ ఈ వారమే డాక్టరుకు చూపించండి. మాత్రలు సరిపోతాయా, సెలైన్‌లో ఐరన్ ఎక్కించాలా అన్నది వారు చెబుతారు. ఐరన్ మాత్రను టీతోనో, పాలతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకోవద్దనండి. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. రక్తం ఇవ్వగల ఇద్దరిని కాన్పుకు ముందే సిద్ధంగా ఉంచుకోండి.

ఈ నెలల్లో తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు కనిపిస్తే అదే రోజు బీపీ చూపించాలి. కాన్పయ్యాక మొదటి 24 గంటలు ఒకరు మంచం పక్కనే ఉండండి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, ఆమె కళ్లు తిరుగుతున్నాయన్నా వెంటనే నర్సును పిలవండి, వచ్చి చూసేదాకా వదలొద్దు. ఇంటికెళ్లాక అలా జరిగితే 108కి ఫోన్ చేయండి.