క్యాబినెట్ మార్చే ముందు కేబుళ్లు మార్చి చూడండి

మూడో బేలో ఏ హార్డ్ డిస్క్ పెట్టినా కాసేపటికి కంప్యూటర్‌లో కనిపించకుండా మాయమవుతోందని, అదే డిస్క్ పై బేలో పెడితే బాగానే ఉంటోందని, బే పోయింది కాబట్టి క్యాబినెట్ మార్చాలని షాపులో అన్నారని రాశారు. దయచేసి అప్పుడే డబ్బు పెట్టకండి. మామూలు డెస్క్‌టాప్‌లో బే అంటే స్క్రూలు బిగించుకునే రేకు చట్రం, అంతే. అందులో కరెంటు పారే భాగమే లేదు. చెడిపోయేది అక్కడికి వచ్చే డేటా కేబుల్, లేదా పవర్ కనెక్టర్, లేదా మదర్‌బోర్డ్ మీది సాటా పోర్టు, అంటే డేటా కేబుల్ రెండో కొస తగిలించే సాకెట్. డిస్క్‌ని పై బేకి మార్చినప్పుడల్లా ఈ మూడూ ఒకేసారి మారిపోతున్నాయి. అందుకే నేరం బే మీద పడుతోంది.

అన్నిటికన్నా ముందు, డిస్క్‌ని పై బేలోనే ఉంచి అందులోని ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి. డేటా రాస్తున్నప్పుడు కనెక్షన్ తెగితే ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టిక, దెబ్బతినొచ్చు. విండోస్ ఎప్పుడైనా ‘ఇనిషియలైజ్ చేయాలా’, అంటే డిస్క్‌ని కొత్తదానిలా సిద్ధం చేయాలా, అని అడిగితే ఒప్పుకోకండి.

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, డిస్క్‌ని మూడో బేలోంచి బయటికి లాగి, పక్కన అట్టముక్క మీద పెట్టండి. మూడో బేకి వచ్చే కేబుళ్లే తగిలించి ఆన్ చేయండి. అప్పుడూ మాయమైతే బేకి ఏ సంబంధమూ లేదని తేలిపోయినట్టే. బయట బాగుండి లోపల పెడితేనే పోతుంటే, సైడ్ ప్యానెల్ మూసినప్పుడు కేబుల్ తల నొక్కుకుపోతోందేమో చూడండి. ఇరుకు క్యాబినెట్లలో ఇది చాలా మామూలు.

బయట పెట్టినా పోతోందనుకుందాం. ఇక ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. మొదట డేటా కేబుల్, తర్వాత పోర్టు, ఆ తర్వాత పవర్ కనెక్టర్. రెండు కలిపి మార్చారంటే మళ్లీ ఇప్పుడున్న అయోమయంలోకే వస్తారు.

పవర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సిస్టమ్‌లో అసలు దొంగ అక్కడే దొరికింది. కింది బేలో 4 టీబీ డిస్క్ ఉండేది. తిరగడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలయ్యేది. అవే కేబుళ్లకి ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని డిస్క్, తగిలిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఆ 4 టీబీ డిస్క్‌ని వేరే కేబుళ్లకి తగిలిస్తే దానికీ ఏ ఇబ్బందీ లేదు. కేబుల్ మంచిదే, డిస్కూ మంచిదే అనిపిస్తుంది, మిగిలింది బే ఒక్కటే కదా అని ఎవరికైనా తోస్తుంది. కానీ 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి 5 వోల్టులు చాలు. 3.5 అంగుళాల డిస్క్‌లో మోటారు తిరగడానికి 12 వోల్టులు కావాలి, పైగా తిరగడం మొదలయ్యే ఆ కొన్ని క్షణాల్లో దాదాపు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే ఒక కనెక్టర్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ వాడాం. అందులో పసుపు వైరు, అంటే 12 వోల్టుల వైరు, వదులై ఉంది. డిస్క్ లేకుండా వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే సరిగ్గా 12 చూపించేది. డిస్క్ తిరగబోయే క్షణంలో 11 కిందికి పడిపోయేది. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. స్ప్లిటర్ తీసేసి ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్ నేరుగా పెట్టాక అదే డిస్క్, అదే బేలో ఈరోజుకీ నడుస్తోంది.

మీ మూడో బేకి కూడా స్ప్లిటర్ గానీ, ఒక రకం పవర్ కనెక్టర్‌ని ఇంకో రకంగా మార్చే కన్వర్టర్ కేబుల్ గానీ ఉంటే ముందు దాన్నే అనుమానించండి. కనెక్టర్ ప్లాస్టిక్ రంగు మారినా, కాలిన వాసన వచ్చినా మళ్లీ తగిలించకండి, వాటికి నిప్పంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఇంకో జాగ్రత్త: వైర్లు విడదీసి తగిలించుకునే మోడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే వేరే మోడల్ కేబుల్ తెచ్చి పెట్టకండి. సాకెట్‌లో పట్టినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, అలా ఉంటే డిస్కులన్నీ ఒక్కసారే కాలిపోవచ్చు.

డేటా కేబుల్ చెడిందో లేదో తెలుసుకోవడానికి మంచి సాక్ష్యం డిస్క్‌లోనే ఉంటుంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి సీ7 వరుసలో ‘రా వాల్యూస్’ కింది అంకె చూడండి, వేరే సాఫ్ట్‌వేర్లలో అది 199. డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య దారిలో డేటా చెడితే ఆ అంకె పెరుగుతుంది, మళ్లీ సున్నాకి రాదు. కాబట్టి పాత అంకె చూసి కంగారుపడకండి, కేబుల్ మార్చాక పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. అదే డిస్క్ మీద చెడిన చోట్లను లెక్కపెట్టే 05, సీ5, సీ6 వరుసల్లో అదే ‘రా వాల్యూస్’ కింద సున్నా కాకుండా ఏదైనా ఉంటే జబ్బు డిస్క్‌దే అయ్యే అవకాశం ఎక్కువ, ఏ బేలో పెట్టినా నమ్మకూడదు.

పోర్టు విషయంలో ఒకటే మాట. ఈమధ్య మదర్‌బోర్డ్ మీదే నేరుగా బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీ కొత్తగా వేశారా? చాలా బోర్డుల్లో అది వేస్తే ఒకటి రెండు సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి. ఏవి ఆగుతాయో బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అయితే అలా ఆగితే డిస్క్ అసలు కనిపించదు. మీది కనిపించి మాయమవుతోంది కాబట్టి నా అనుమానం కేబుల్, పవర్ మీదే.

ముందు నుంచి ట్రేలో పెట్టి తోసే, సిస్టమ్ ఆన్‌లో ఉండగానే డిస్క్ మార్చుకునే హాట్ స్వాప్ బే అయితే మాత్రం షాపువాళ్లు చెప్పినది నిజమయ్యే అవకాశం ఉంది. దాని వెనక బ్యాక్‌ప్లేన్ అనే చిన్న బోర్డు ఉంటుంది, అది చెడుతుంది. అప్పుడైనా మార్చాల్సింది ఆ బోర్డునే, అది విడిగా దొరక్కపోతే బ్యాక్‌ప్లేన్ పక్కనపెట్టి కేబుళ్లు డిస్క్‌కే నేరుగా తగిలించుకోవచ్చు. మీది ఏ రకమో, మూడో బేకి వచ్చే పవర్ వైరు నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తోందో మధ్యలో ఏదైనా ఉందో ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.