మణికట్టు ధమని మూసుకుపోతే చెయ్యి పడిపోతుందా?

మీ అమ్మగారికి కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ (సన్నని గొట్టం పంపి గుండె రక్తనాళాలను చూసే పరీక్ష) చేస్తామన్నారని, అక్కడి ధమని మూసుకుపోతే చెయ్యి పనికిరాకుండా పోతుందని బంధువులు భయపెడుతున్నారని రాశారు. నేను వైద్యుణ్ణి కాను. గుంటూరులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అయితే మీ బంధువులు భయపడుతున్న సంగతి నా చేతికే జరిగింది.

మూడేళ్ల క్రితం కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో నాకూ కుడి మణికట్టు నుంచే పరీక్ష చేసి, గాలి నింపిన పట్టీ కట్టి, సాయంత్రానికి ఇంటికి పంపారు. కొన్ని నెలల తరువాత ఒక ఉదయం నడక ముగించి అలవాటుగా నాడి లెక్కపెట్టబోతే బొటనవేలి మొదట్లో ఏమీ తగలలేదు. ‘నాడి అందడం లేదు’ అనే మాట మన ఇళ్ళల్లో ఎప్పుడు వినిపిస్తుందో మీకు తెలుసు. ఆ మాట మా ఇంటావిడ ఎదుట అన్నందుకు ఆ పూట పొయ్యి వెలగలేదు. రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ తీయించగా, బొటనవేలి వైపు దిగే రేడియల్ ధమని మణికట్టుకు కాస్త పైన మూసుకుపోయిందని తేలింది. చేయి మాత్రం వెచ్చగానే ఉంది, రాత మారలేదు, ఇప్పటికీ కొబ్బరికాయ ఆ చేత్తోనే కొడుతున్నాను.

ఇదెలా సాధ్యమో తెలియాలంటే, పరీక్షలో ఆ సన్నని గొట్టం వెళ్లిన దారిలోనే మనమూ వెళ్లడం మంచిది. మణికట్టు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న రేడియల్ ధమనిలో ప్రవేశించిన గొట్టం, మోచేతి మడతకు కొద్దిగా దిగువన, పైచేతి ధమనియైన బ్రాకియల్‌లోకి చేరుతుంది. రక్తపోటు చూసేటప్పుడు స్టెతస్కోపు ఆనించేది ఈ బ్రాకియల్ మీదనే. నా నాడి పోయినా బి.పి. యథాప్రకారం అందడానికి కారణం అదే. అక్కడి నుంచి చంకలో ఆగ్జిలరీ, మొదటి పక్కటెముక దాటాక సబ్‌క్లేవియన్ అని పేర్లు మారతాయి గాని నాళం ఒక్కటే, పుట్టింట్లో ఒక పేరూ అత్తింట్లో ఒక పేరూ ఉన్న మనిషిలాగా. ఎడమవైపు సబ్‌క్లేవియన్, గుండె నుంచి బయలుదేరే మహాధమని నుంచి నేరుగా పుడుతుంది. కుడివైపుది బ్రాకియోసెఫాలిక్ అనే పొట్టి నాళం నుంచి చీలుతుంది.

మీ ప్రశ్నకు జవాబు మాత్రం అరచేతిలో ఉంది. మోచేతి వద్ద బ్రాకియల్ రెండుగా చీలినప్పుడు రెండో శాఖయైన అల్నార్ ధమని చిటికెనవేలి వైపు దిగుతుంది. సాధారణంగా రెండింటిలో అదే పెద్దది. ఈ రెండూ అరచేతిలో విల్లులాంటి రెండు వంపులుగా కలుసుకుంటాయి. చర్మానికి దగ్గరగా ఉండే పైవంపుకు ఎక్కువ రక్తం అల్నార్ నుంచి, లోపలి వంపుకు రేడియల్ నుంచి వస్తుంది. అందుచేత ఒక కాలువకు అడ్డుకట్ట పడినా రెండో కాలువ నీరు వెనుకవైపు నుంచి చేలో పారినట్లు, నా బొటనవేలికి రక్తం ఇప్పుడు చిటికెనవేలి వైపు నుంచి చేరుతోంది. కెనడా వైద్యుడు లూసియన్ కాంపో 1989లో ఈ దారిన యాంజియోగ్రామ్‌లు చేసి ప్రకటించిన తరువాత ఈ పద్ధతి వ్యాపించింది. గొట్టం పంపే మరో దారియైన తొడ ధమని లోతుగా ఉంటుంది, మణికట్టు ధమని ఎముక మీదనే ఉండడం వల్ల నొక్కితే రక్తం ఆగుతుంది.

అయినా అందరి చేతుల్లో ఈ వంపులు పూర్తిగా కలిసి ఉండవు. పిడికిలి బిగించి, మణికట్టు వద్ద రెండు ధమనులనూ నొక్కిపట్టి, తెల్లబడిన అరచేతిని తెరిచి, అల్నార్ వైపు మాత్రమే వదిలితే కొద్ది సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. 1929లో ఎడ్గర్ అలెన్ వర్ణించిన పరీక్షకు ఇది మార్చిన రూపం. కొందరు వైద్యులు దీన్ని అంతగా నమ్మక, వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తారు. ఏ పద్ధతిలో చూస్తారో ముందే అడగండి.

స్త్రీలలో రేడియల్ సాధారణంగా సన్నగా ఉంటుంది కనుక అది బిగుసుకుని ముంజేయి సలపవచ్చు. నాకే మోచేతి దగ్గర సలిపితే గొట్టం గుండా మందు ఎక్కించారు. అమ్మగారికి మూత్రపిండాల జబ్బు ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే మున్ముందు డయాలిసిస్ ఫిస్టులాకు (యంత్రంతో రక్తం శుద్ధి చేయడానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఏర్పాటు) ఆ ధమని అవసరపడవచ్చు. ఇంటికొచ్చాక కొద్ది రోజులు ఆ చేత్తో బిందె ఎత్తనివ్వకండి. మణికట్టు నుంచి రక్తం కారితే అక్కడే గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేళ్లు పాలిపోయి చల్లబడినా, తిమ్మిరెక్కినా, ముంజేయి వాచి గట్టిపడినా తెల్లవారేదాకా ఆగవద్దు.