పాప రీసెర్చ్ అంటోంది, ఇంట్లో వాళ్లు బీఈడీ అంటున్నారు

ప్రశ్న: కల్వకుర్తి దగ్గరి ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మా పాప డిగ్రీ రెండో సంవత్సరం, మైక్రోబయాలజీ ఉంది. పసిపిల్లల తిండికీ, వాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాకూ ఉన్న సంబంధం మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బీఈడీ చేయించమని మావాళ్ల పోరు. ఏం చేయమంటారు?

జవాబు: చేయనివ్వండమ్మా. మీ పాప చెబుతున్నది మీరు రోజూ చేసే పనే. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. వాటిని తినేది బిడ్డ పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియా. ఆరు నెలలు నిండి పైతిండి మొదలయ్యాక పేగుల్లోని బ్యాక్టీరియా అంతా మారుతూ, మూడేళ్లకల్లా చాలావరకు పెద్దవాళ్ల తీరుకు వస్తుంది. మీరు బాలామృతం ఇచ్చే వయసు సరిగ్గా అదే!

ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలో బక్కచిక్కిన పిల్లలకు శనగ, సోయా, పల్లీలు, పచ్చి అరటికాయతో చేసిన ఆహారం పెట్టారు. 2021లో ఫలితాలొచ్చాయి. మామూలుగా ఇచ్చే పోషకాహారం కంటే క్యాలరీలు తక్కువున్నా, ఈ పిల్లలే మెరుగ్గా బరువు పెరిగారు. పల్లీలు మన పాలమూరు పంటే కదా, ఇక్కడ తేల్చాల్సినవి ఎన్నో ఉన్నాయి.

ఎమ్మెస్సీకి సీపీగెట్, అంటే మన రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్, రాయించండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది, దాని ఎంట్రన్స్ వేరు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. కానీ పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది, పర్మనెంటు పోస్టులు తక్కువ. ఇది ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పండి, మధ్యలో పెళ్లి పేరుతో ఆపొద్దు.

పాపకు ఒక్క మాట. ల్యాబ్ ఒక్కటే నేర్చుకుంటే చాలదు. ఒక్క బిడ్డ మలం శాంపిల్ నుంచే వేలకొద్దీ బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కల వివరాలు వస్తాయి, వాటిని విడదీసేది స్టాటిస్టిక్స్. ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ ఏడాదే మొదలుపెట్టమనండి.

రెండోది, తల్లులను అడిగి తెలుసుకోవడం, మీరే నేర్పాలి. ‘నిన్న బిడ్డకు ఏం పెట్టినవ్?’ అంటే ఏ తల్లయినా ‘అన్నం, పప్పు’ అంటుంది. పొద్దున చాయ్‌లో ముంచి పెట్టిన బిస్కెట్ సంగతి, మళ్లీ అడిగితేగానీ బయటికి రాదు. ఆ బిస్కెట్ రాయకపోతే ఎంత ఖరీదైన మెషిన్‌తో డీఎన్ఏ చదివినా లెక్క తప్పుతుంది. ఈ సెలవుల్లో ఇళ్లకు వెళ్లేటప్పుడు పాపను వెంట తీసుకెళ్లండి. తల్లులు ఒప్పుకుంటే పదిమంది పిల్లలు ఒక్కరోజులో తిన్నదంతా నోట్‌బుక్‌లో రాయనివ్వండి.