కోనసీమలో, తక్కువ బడ్జెట్‌లో, మనుషులు బొటనవేలంత అయిపోయే ఏలియన్ కామెడీ తీయొచ్చా?

తప్పకుండా తీయొచ్చు, గ్రాఫిక్స్ లేకుండానే. కెమెరాను నేలకు ఆనించి, కొబ్బరి బోండాన్ని దాని ముందు పెట్టి, నటుణ్ణి దూరంగా చేలగట్టు మీద నిలబెట్టండి. బోండం కొండంత, మనిషి బొటనవేలంత కనిపిస్తారు. రెండూ స్పష్టంగా రావాలంటే అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) బాగా తగ్గించాలి, అప్పుడు వెలుతురు దండిగా కావాలి. కాబట్టి మంచి ఎండలో తీయండి. కాలువలో బొమ్మ పడవను నిజం పడవలా చూపే సీన్లు వద్దు. నీటి చుక్కలు చిన్నవి కావు, మోసం ఇట్టే తెలిసిపోతుంది.

అసలు కామెడీ సైన్సులోనే ఉంది. ఎత్తు పదో వంతైతే బరువు వెయ్యో వంతవుతుంది, కండబలం మాత్రం సుమారు వందో వంతు మిగులుతుంది. అంటే బక్కపల్చటి తాతగారు కూడా, తనలాగే చిన్నదైపోయిన మామ్మగారిని ఒంటిచేత్తో ఎత్తేస్తారు!

ఏలియన్లకు మేకప్ ఖర్చెందుకు? కొబ్బరితోట వెనక పచ్చటి లైటు, "ఆయ్, ఎవరండీ?" అని పలకరించే గొంతు చాలు.