ఆర్వీలో వైఫై అందడం లేదా? ముందు స్తంభం దాకా నడిచి చూడండి

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారిని, మామయ్యగారిని వెంటబెట్టుకొని, వచ్చే జూన్‌లో ఒక ఆర్వీని (పడకలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండిని) అద్దెకు తీసుకొని కొలరాడో, వయోమింగ్ మీదుగా ఎల్లోస్టోన్ వెళ్లాలనుకుంటున్నాం. పోయినేడు ఇలాంటి ప్రయాణంలోనే ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో వైఫై ఉచితం అన్నారు. ఆఫీసు దగ్గర ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నాయి కానీ, మా బండిలోకి వచ్చేసరికి ఒక్క గీతే మిగిలింది. మావారికి వారంలో రెండు రోజులు ఆన్‌లైన్ మీటింగులు తప్పవు. పైకప్పు మీద పెట్టే యాంటెన్నా కొనమంటారా, సెల్ బూస్టరా, ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింకా? — ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఈ మూడింటిలో దేనికైనా డబ్బు పెట్టే ముందు, ఇబ్బంది ఎక్కడుందో తేల్చుకోవాలి. క్యాంప్‌గ్రౌండ్ వైఫైలో దారులు రెండు: మీ బండికీ వారి యాంటెన్నా ఉన్న స్తంభానికీ మధ్య గాలిలో నడిచేది ఒకటి, ఆ స్తంభం నుంచి బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే లైను రెండోది. మీరు కొనే యాంటెన్నా ఏదైనా మొదటి దారినే బాగుచేస్తుంది. రెండోదాని జోలికి పోదు. వంద మెగాబిట్ల లైను ఉన్న చోట ఇరవై బళ్లలో హెచ్‌డీ సినిమాలు పెడితే, ఒక్కోటి ఐదేసి మెగాబిట్లు తీసుకుంటుంది కాబట్టి, లైను అక్కడికే నిండిపోతుంది. ఇరవై ఒకటో బండికి ఎంత పెద్ద యాంటెన్నా ఉన్నా ప్రయోజనం ఉండదు. రాత్రి ఎనిమిది గంటలకు కదలని వీడియో తెల్లవారుజామున ఆరింటికి గలగలా నడిచిందంటే కారణం సాధారణంగా ఇదే.

అందుకే క్యాంప్‌గ్రౌండ్‌కు చేరగానే ఫోను తీసుకొని స్తంభం దాకా నడిచి వెళ్లి, దాని కిందే నిలబడి వేగం కొలవండి. తరువాత బండిలో కూర్చొని మళ్లీ కొలవండి. స్తంభం దగ్గరా నెమ్మదిగానే ఉంటే ఆ వైఫైని ఈమెయిళ్లకు వదిలేసి, మీటింగులకు సెల్ డేటాను నమ్ముకోవడం మంచిది. అక్కడ వేగంగా ఉండి బండిలో పడిపోతేనే యాంటెన్నా మాట ఎత్తాలి. మీ అనుభవం చదివితే బండిలో పడిపోయే రకమే అనిపిస్తోంది, కానీ గీతలను చూసి తీర్పు చెప్పకండి. సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు; ఎన్ని డెసిబెల్స్‌కు ఎన్ని గీతలు చూపాలో ఒక్కో ఫోను తయారీదారు ఒక్కో విధంగా పెట్టుకుంటాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై ఎనలైజర్ తరహా యాప్‌లు సిగ్నల్ బలాన్ని డీబీఎమ్ అంకెల్లో చూపుతాయి. మ్యాక్ ల్యాప్‌టాప్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే అదే అంకె వస్తుంది. మైనస్ 50 అంటే పుష్కలం, మైనస్ 67 దాకా వీడియో మీటింగుకు ఢోకా లేదు, మైనస్ 80 దాటితే వాట్సాప్ సందేశాలు వెళ్లినా గొప్పే. ఈ లెక్కలో మూడు డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు, పది పెరిగితే పది రెట్లు. దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ పోతాయి. కాబట్టి ఐదారు అంకెల తేడాను చిన్నదిగా తీసిపారేయకూడదు.

బండిలోకి రాగానే సిగ్నల్ ఎందుకు చచ్చిపోతుందంటే, ఆర్వీ గోడలు చాలావరకు లోహమే. ఎయిర్‌స్ట్రీమ్ లాంటి అల్యూమినియం తొడుగు బళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పైకి ఫైబర్‌గ్లాస్‌గా కనిపించే వాటిలో కూడా లోపల అల్యూమినియం చట్రమో, వేడిని ఆపే రేకు పొరో ఉంటుంది. రేడియో తరంగాలకు మిగిలే ముఖ్యమైన దారి కిటికీలే. అందుకని పైసా ఖర్చు లేని మొదటి చికిత్స బండిని ఆపే తీరులోనే ఉంది. రిజర్వేషన్ చేసేటప్పుడే స్తంభానికి దగ్గరగా, మధ్యలో ఎత్తైన బళ్లు గానీ దట్టమైన చెట్లు గానీ అడ్డురాని స్థలం కావాలని అడగండి. ఆకుల్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను కొంత మింగుతుంది, 5 గిగాహెర్ట్జ్‌ను అంతకంటే ఎక్కువగా. ఎక్కువ కిటికీలున్న వైపు స్తంభానికి ఎదురుగా ఉండేలా బండిని నిలిపి, మీటింగుకు ఆ కిటికీ పక్కనే కూర్చుంటే చాలాసార్లు పని జరిగిపోతుంది.

అది చాలకపోతే యాంటెన్నాను లోహపు డబ్బా బయటికి తేవాలి. అద్దె బండి పైకప్పుకు రంధ్రాలు వేయలేరు కాబట్టి మీకు రెండు మార్గాలున్నాయి. చవకైనది, యూఎస్‌బీతో పనిచేసే వైఫై అడాప్టర్‌ను పొడవాటి తీగతో కిటికీ బయట వేలాడదీయడం. మామూలు యూఎస్‌బీ 2 తీగ ఐదు మీటర్లు దాటకూడదు, వాన పడితే లోపలికి తీసేయాలి, పైగా దాని ఫలితం ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే. నేను మీకు సూచించేది రెండోది: రేడియో (వైఫై తరంగాలను పంపి, అందుకునే భాగం), యాంటెన్నా రెండూ ఒకే డబ్బాలో అమర్చి ఆరుబయట వాడేందుకే తయారు చేసిన పరికరం. యుబిక్విటీ, మైక్రోటిక్ వంటి సంస్థలు వీటిని అమ్ముతాయి. డబ్బాను బండి వెనక ఉన్న నిచ్చెనకు ఒక గొట్టంతో బిగిస్తే, దానికి కరెంటూ డేటా రెండూ ఒకే ఈథర్‌నెట్ తీగలోంచి వెళ్తాయి. కిటికీ సందులోంచి దూర్చడానికి బల్లపరుపు తీగలు కూడా దొరుకుతాయి. ఆ తీగ రెండో కొసను లోపల ఒక చిన్న ట్రావెల్ రౌటర్‌కు కలిపితే, క్యాంప్‌గ్రౌండ్ వైఫైని బయటి పరికరం అందుకుంటుంది, మీ ఇంటిల్లిపాదికీ మీ సొంత పాస్‌వర్డ్‌తో లోపలి రౌటర్ పంచుతుంది.

యాంటెన్నాకే ఎందుకు ఇంత ప్రాధాన్యం అంటే, అది రెండు వైపులా పనిచేస్తుంది. స్తంభం మీది పరికరం గట్టిగా మాట్లాడగలదు. మీ ఫోను సాధారణంగా వంద మిల్లీవాట్లకు మించని శక్తితో జవాబివ్వాలి. స్తంభం మాట మీకు వినబడి మీ మాట దానికి అందకపోతే గీతలు నిండుగానే ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. మంచి యాంటెన్నా వినికిడినీ మాటనూ కలిపి పెంచుతుంది.

అయితే పెట్టె మీద రాసిన డీబీఐ అంకె (తరంగాలను యాంటెన్నా ఒక దిక్కుకు ఎంతగా కూడగడుతుందో చెప్పే కొలత) ఎంత పెద్దదైతే అంత మంచిదని భ్రమపడకండి. అన్ని దిక్కులకూ ప్రసరించే యాంటెన్నా తరంగాలు గారె ఆకారంలో విస్తరిస్తాయి. అంకె పెంచడమంటే ఆ గారెను అప్పడంలా పలచగా ఒత్తడమే. పన్నెండు, పదిహేను డీబీఐ ఉన్నది తీసుకొని బండిని కాస్త ఒరిగిన నేల మీద ఆపినా, స్తంభం గుట్ట మీద ఉన్నా, ఆ పలచని పొర దాని పైనుంచో కిందినుంచో పోతుంది. ఈ రకంలో ఐదు నుంచి ఎనిమిది డీబీఐ చాలు. రెండు మూడు రోజులు ఒకేచోట ఉండే మీలాంటి వారికి ఒకే దిక్కుకు గురిపెట్టే ప్యానెల్ యాంటెన్నా ఇంకా మేలు, ఎందుకంటే పక్క దిక్కుల్లోని వైఫైల గోలను కూడా అది తగ్గిస్తుంది. బండి కదిలే ముందు గొట్టాన్ని దింపడం మరవకండి. ఆ కొండ ప్రాంతాల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మామూలే కాబట్టి మబ్బు పట్టినా దింపేయండి.

లోపలి రౌటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంచి, బయటి పరికరం స్తంభంతో 2.4లో మాట్లాడేలా చూడండి. ఒకే రేడియోతో అందుకొని, దానితోనే మళ్లీ పంచే చవక రిపీటర్లు వేగాన్ని సగానికి సగం కోస్తాయి. ఇంకో సంగతి: ఆర్వీలో మైక్రోవేవ్ అవెన్‌కు, మీటింగుకు కూర్చునే బల్లకు మధ్య దూరం నాలుగడుగులే. అవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. అత్తయ్యగారు పప్పు వేడి చేసినంతసేపూ మీవారి గొంతు తెగిపోతుంటే తప్పు క్యాంప్‌గ్రౌండ్‌ది కాదు. అలాగే సాయంత్రం సీరియళ్లను అక్కడి వైఫై మీద చూసేకంటే డాలస్‌లోనే డౌన్‌లోడ్ చేసుకొని బయలుదేరితే మీకూ పక్క బళ్ల వాళ్లకూ శాంతి.

ఇక ఎల్లోస్టోన్. దాదాపు తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల ఆ పార్కులో చాలా భాగానికి సెల్ సిగ్నలే అందదు; మమ్మత్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, కాన్యన్ వంటి కొన్ని కేంద్రాల చుట్టూ ఉన్నా, వేసవి రద్దీలో అది ఫోను మాటలకే అంతంతమాత్రం. ఆర్వీలకు కరెంటు, నీరు, మురుగు మూడు కనెక్షన్లూ ఇచ్చే ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో స్థలం దొరికినా, దాన్ని మీటింగు లేని రోజులకు ఉంచుకోండి. మీటింగు రోజుల్లో పశ్చిమ ద్వారం బయట వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లోనో, ఉత్తరాన గార్డినర్‌లోనో బస చేయడమే ఏ పరికరం కన్నా తెలివైన పని.

సెల్ బూస్టర్ వైఫైని పెంచదు. ఈ సంగతి తెలియక కొనేవారు చాలామంది. అది సెల్ టవర్ తరంగాలకు మాత్రమే, అదీ బయట కొద్దో గొప్పో సిగ్నల్ ఉన్నప్పుడే పనికొస్తుంది. శూన్యాన్ని ఎంత హెచ్చవేసినా శూన్యమే. అమెరికాలో సమాచార ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2013లో చేసిన నిబంధనల ప్రకారం దాన్ని మీ సెల్ సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. వాహనాల్లో పెట్టే సాధారణ రకం సిగ్నల్‌ను 50 డెసిబెల్స్ వరకే పెంచడానికి అనుమతి. దాని బదులు ఇప్పుడున్నదానికి తోడు మరో సంస్థ సిమ్ ఒకటి పెట్టుకోండి. వెరైజన్ లేని లోయలో ఏటీ అండ్ టీ ఉండవచ్చు, ఆ రెండూ లేనిచోట టీ-మొబైల్ 600 మెగాహెర్ట్జ్ తరంగం అందవచ్చు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు అడవుల్లో, గుట్టల్లో ఎక్కువ దూరం పోతాయి. స్టార్‌లింక్‌కు టవర్లతో పని లేదు. 2024లో వచ్చిన దాని మినీ రకం పళ్లెం యాంటెన్నా కిలోకు కాస్త ఎక్కువ బరువుంటుంది, 25 నుంచి 40 వాట్లతో నడుస్తుంది. కానీ దానికి ఆకాశం విశాలంగా కనిపించాలి. ఎల్లోస్టోన్ అడవుల్లో అధిక భాగం నిటారుగా, దగ్గర దగ్గరగా పెరిగే లాడ్జ్‌పోల్ పైన్ చెట్లే, వాటి మధ్య మాట మధ్యలో తెగుతుంటుంది. ఏడాదికి ఒక్క ప్రయాణానికి కొనవలసిన వస్తువని నాకనిపించదు. నెలల తరబడి రోడ్డు మీదే ఉండి ఉద్యోగం చేసేవారికి మాత్రం అదే మొదటి ఎంపిక.

ప్రశ్న: సొంత ట్రైలర్ కొన్నాం. పైకప్పు మీద ఎనిమిది డీబీఐ యాంటెన్నా బిగించి, ముప్పై అడుగుల తీగను లోపలి రౌటర్ దాకా తెచ్చాం. అయినా నా ఫోను కంటే బాగా పట్టడం లేదు. యాంటెన్నా నకిలీదా? — ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: యాంటెన్నా మంచిదే కావచ్చు, అనుమానించవలసింది తీగను. సన్నని ఆర్‌జీ-58 రకం తీగ ముప్పై అడుగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు పది డెసిబెల్స్ పోగొడుతుంది, అంటే పదో వంతు శక్తే అవతలి కొసకు చేరుతుంది. యాంటెన్నా ఇచ్చిన ఎనిమిదీ పోయి, పైన రెండు నష్టం. లావుపాటి ఎల్ఎంఆర్-400 తీగ అయితే అంతే పొడవులో రెండు డెసిబెల్స్‌తో సరిపెడుతుంది కానీ, అది వేలి మందాన ఉండి ట్రైలర్ మూలల్లో వంగదు. రేడియోనే పైకప్పు మీదికి, లేదా యాంటెన్నా కింది అలమరలోకి మార్చి, అక్కడి నుంచి లోపలికి ఈథర్‌నెట్ తీగ వేయండి. ఆ తీగలో వంద మీటర్ల దాకా డేటా తరగదు.

ప్రశ్న: వెస్ట్ వర్జీనియాలో సెనెకా రాక్స్ దగ్గర క్యాంపింగ్‌కు వెళితే ఏ సంస్థ ఫోనూ పనిచేయలేదు. మా పరికరాల లోపమా? — ఒక పాఠకుడు, వర్జీనియా

జవాబు: కాదు. కొండలు ఒక కారణమైతే, మీరు వెళ్లింది నేషనల్ రేడియో క్వయట్ జోన్‌లోకి కావడం మరొకటి. గ్రీన్ బ్యాంక్‌లోని రేడియో దూరదర్శినికి అంతరిక్షం నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాలు చెడకూడదని, 1958లో సుమారు 13,000 చదరపు మైళ్ల ప్రాంతంలో టవర్ల వంటి స్థిరమైన ప్రసార కేంద్రాలపై ఆంక్షలు పెట్టారు. అక్కడ మ్యాపులు ముందే ఫోన్‌లోకి దింపుకొని వెళ్లాలి. దూరదర్శినికి దగ్గరగా బస చేస్తే బండిలోని వైఫై రౌటర్ పెట్టవచ్చో లేదో క్యాంప్‌గ్రౌండ్ వారిని అడిగాకే పెట్టండి.

ప్రశ్న: క్యారవాన్ అద్దెకు తీసుకొని అరకు వెళుతున్నాం. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సెల్ బూస్టర్ తెస్తానంటున్నాడు. తెమ్మనవచ్చా? — ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దనండి. మన దేశంలో లైసెన్సు లేకుండా సెల్ బూస్టర్‌ను దగ్గర ఉంచుకోవడమే నేరం. పైగా అమెరికా బూస్టర్లు అక్కడి ఫ్రీక్వెన్సీలకు తయారైనవి, ఇక్కడి వాటితో పూర్తిగా కలవవు. వైఫై సంగతి వేరు: 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకు నిర్ణీత శక్తి లోపల 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు, 5 గిగాహెర్ట్జ్‌కు 2018లో సడలింపులు వచ్చాయి. అబ్బాయిని ఒక ట్రావెల్ రౌటర్ తెమ్మనండి. ఫోను హాట్‌స్పాట్‌నో, బస దగ్గరి వైఫైనో అది అందుకొని బండిలో అందరికీ పంచుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు రెండు వేర్వేరు సంస్థల సిమ్‌లు దగ్గర ఉంచుకోండి.