హేమకి, సైకిలు సంగతి

గాజువాక,
బుధవారం రాత్రి

చిరంజీవి హేమకి మామయ్య ఆశీస్సులు.

పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, దీనికి పిచ్చెక్కింది, సైకిలు కొని పిల్లల్ని బడికి తీసుకెళ్తుందట" అంది. తిట్టమని చేసింది పాపం. నాకేమో నవ్వొచ్చింది. బారు కింద నుంచి కాలు దూర్చి నా పెద్ద సైకిలు తొక్కుతూ, గాంధీగ్రామ్ గ్రౌండులో మూడుసార్లు పడి, మోకాలి మీద రక్తం మీ అమ్మకి కనపడకుండా గౌను కిందకి లాక్కున్న గుంట, ఇప్పుడు కొడుకుని వెనకేసుకుని తొక్కుతానంటోంది! సంతోషం కాదూ మరి.

తర్వాత నీకు ఫోన్ చేశాను. అన్నీ లెక్కలేసుకునే ఉన్నావు. చినవాల్తేరు నుంచి ఎంవీపీ కాలనీకి ఎంతసేపు, ఆటోవాడు నెలకి ఎంత అడుగుతున్నాడు, ఒక్కో ఆటోలో ఎంతమందిని కుక్కుతున్నాడు, అన్నీ చెప్పావు. చివర్లో ఒక మాటన్నావు. "వాడికి ముందే చెప్పేశాను మామయ్యా, పద్మ వదినలా కాళ్ళు ఊపకూడదని." దానికి నేను ఊఁ అన్నాను. అనకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి అన్నం సయించలేదు. అందుకే ఈ ఉత్తరం. రాసి పక్కింటి కుర్రాడి చేత ఫోటో తీయించి నీకు పంపిస్తాను.

ముందు ఎవరైనా చెప్పేవి చెప్పేస్తాను. నీకూ వాడికీ ఇద్దరికీ హెల్మెట్. వెనక ఎర్ర లైటు. బ్రేకులు రెండూ పట్టాలి, వానలో ఇంకా ముందే వెయ్యాలి. చున్నీ నడుముకి బిగించి కట్టు. ఇవి అయిపోయాయి.

సైకిలు మాత్రం లేడీస్ సైకిలే కొను. ఫ్యాషన్ కోసం బారున్నది కొనకు. బారున్నది దిగాలంటే కాలు వెనక నుంచి తిప్పాలి, అక్కడ వాడి తలకాయ ఉంటుంది.

సీటు సంగతి. షాపుల్లో వేలాడదీసి ఉంటాయే, ముందు బారుకి తగిలించే ఇనప చువ్వల బుల్లి సీట్లు, వాటి జోలికెళ్ళకు. బెల్టుండదు. పాదం ముందు చక్రం పక్కనే వేలాడుతుంది. గట్టిగా బ్రేకు వేశావంటే మొహం వెళ్ళి హాండిలుకి కొట్టుకుంటుంది. క్యారియర్ మీద దిండేసి కూర్చోబెట్టి "నన్ను గట్టిగా పట్టుకో" అనడం కూడా వద్దు. పిల్లలు నిద్రపోతే చేతులు ఎలా వదిలేస్తారో నీకు తెలీదా? వెనక బిగించే సీటు కొను. వీపు ఎత్తుగా ఉండాలి. బెల్టు భుజాల మీదుగా, కాళ్ళ మధ్య నుంచి వచ్చి ఒక్కచోట కలవాలి. పాదాలు పెట్టుకోడానికి తొట్టెల్లాంటివి ఉండి, వాటికి పట్టీలుండాలి. దాని మీద ఈఎన్ 14344 అని అచ్చు ఉంటే అది యూరప్ వాళ్ళ కొలత ప్రకారం చేసినది. అటువంటి వెనక సీట్లు 22 కిలోల దాకా ఆపుతాయి. మీవాడు 16 అన్నావు. సీటే మూడు నాలుగు కిలోలుంటుంది. నీ క్యారియర్ మీద ఎంత బరువని గుద్ది ఉందో చూడు, చాలావాటి మీద 25 అని ఉంటుంది. పుస్తకాల సంచీ, టిఫిను డబ్బా కూడా దానికే తగిలించకు, నీ వీపున వేసుకో.

నీ సీటు కింద స్ప్రింగులుంటే మందపాటి గుడ్డ చుట్టు. వెనకున్న పిల్లల వేళ్ళు సరిగ్గా అక్కడికే వస్తాయి. గోతిలో పడి లేచావా, నొక్కుకుంటాయి.

స్టాండు వేశానని చెయ్యి వదిలి గేటు తియ్యడానికి వెళ్ళకు. వాడు సీట్లో ఉన్నంతసేపూ నీ చెయ్యి సైకిలు మీదే.

పాపాయిని ఇప్పుడే వద్దమ్మా. ఏడాది దాటి, తొమ్మిది కిలోలుండి, మెడ హెల్మెట్ బరువుని మోస్తే సీట్లో కూర్చోబెట్టొచ్చంటారు, నిజమే. కానీ ముందొకళ్ళు వెనకొకళ్ళు, పెదవాల్తేరు రోడ్డు మీద సిటీ బస్సు పక్కన నువ్వు, ఊహించుకుంటేనే నా చేతులు వణుకుతున్నాయి. వీపుకి కట్టుకుంటానని మాత్రం అస్సలు అనకు, నువ్వు పడితే దాని మీదే పడతావు. మీ అత్తగారున్నారుగా, ఆ అరగంట చూసుకోరా? బైకు మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు, హెల్మెట్ ఉండాలని, నలభై కిలోమీటర్ల వేగం మించకూడదని 2022లో కేంద్రం రూలు తెచ్చింది. అది మోటారు బళ్ళకి. నీ సైకిలుకి పోలీసుని నేనే అనుకో.

వాణ్ణి ఎక్కించే ముందు ఒక వారం ఆ సీట్లో పదిహేను కిలోల బియ్యం మూట బెల్టు పెట్టి కట్టి తొక్కు. పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా, అప్పుడు వెళ్ళు. బియ్యం పడితే ఏరుకోవచ్చు.

ఇప్పుడు మా అమ్మాయి పద్మ సంగతి.

మన ఇంట్లో అది సామెతయిపోయింది. ఎవరి పిల్లలు సైకిలెక్కినా, స్కూటరెక్కినా, ఆఖరికి మంచం మీద కూర్చున్నా "పద్మలా కాళ్ళు ఊపకు." పద్మ కూడా తన పిల్లలకి అదే చెప్పుకుంది, మడమ మీద మచ్చ చూపించి మరీ.

పద్మ కాళ్ళు ఊపలేదు హేమా.

1987. మేం గాంధీగ్రామ్ క్వార్టర్స్‌లో ఉన్నాం. నా సైకిలు వెనక చక్రానికి ఎడమ పక్క శారీ గార్డు ఉండేది, ఇనప జల్లెడలాంటిది. మీ అత్తయ్య వెనక కూర్చుంటుందని పెళ్ళైన కొత్తలో వేయించాను. ఉప్పుగాలికి దాని కింది బోల్టు తినేసింది. మల్కాపురం రోడ్డు మీద ప్రతి గతుక్కీ గలగలమనేది. షిప్‌యార్డులో నా పని ఏమిటో నీకు తెలుసు, ముప్ఫై రెండేళ్ళు ఓడల తుప్పు గోకించి రంగు వేయించడమే. పలక మీద గోరంత తుప్పు మిగిలితే కుర్రాళ్ళ మీద ఎగిరేవాణ్ణి. అటువంటివాణ్ణి, నా సైకిలుకి పావలా బోల్టు మార్చడానికి బద్ధకించాను. ఒక శనివారం సాయంత్రం ఆ చప్పుడు భరించలేక పదో నంబరు స్పానరుతో గార్డు మొత్తం ఊడదీసి అటక మీద పడేశాను. సోమవారం బోల్టు కొని మళ్ళీ బిగిద్దాంలే అనుకున్నాను.

సోమవారం పొద్దున్న పద్మని బడి దగ్గర దించి డ్యూటీకి పోవాలి. ఆలస్యమైపోయింది. క్యారియర్ మీద దుప్పటి మడతేసి కూర్చోబెట్టాను, కాళ్ళు చెరో పక్క. అది రోజూ ఎడమ పాదం ఆ గార్డుకి ఆనించుకుని కూర్చునేది. ఆ రోజూ అలాగే ఆనించబోయింది. అక్కడ గార్డు లేదు.

సింధియా వైపు వెళ్తుండగా సైకిలు ఒక్కసారిగా బరువెక్కింది. ఎదురుగాలి అనుకున్నాను. సైరను ఎక్కడ కూసేస్తుందోనని సీటు మీంచి లేచి నిలబడి ఒక తొక్కు గట్టిగా తొక్కాను.

ఆ ఒక్క తొక్కు. ఇన్నేళ్ళుగా నా అరికాలికి తెలుస్తూనే ఉంది అది. పాదం చక్రం పుల్లలకీ ఫ్రేము కడ్డీకీ మధ్య ఇరుక్కుంది, నేనే లోపలికి నెట్టాను. అప్పుడు వినపడింది దాని అరుపు. ముందు కూడా అరిచిందేమో, ఆయిల్ ట్యాంకర్ల రొదలో నాకు వినపడలేదేమో. దిగి కాలు లాగబోతుంటే రోడ్డు పక్క పంక్చర్లు వేసే ముసలాయన "లాగకండి బాబూ, లాగకండి" అని కేకేస్తూ కటింగ్ ప్లేయరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మూడు పుల్లలు కోశాడు. ఒక్కొక్కటీ తెగుతుంటే టింగుమని మోగింది. దాని కాలి పట్టీ వంకరపోయి చర్మంలో దిగబడింది. ఆ ముసలాయన లేకపోతే మడమ మీద తోలు మొత్తం ఊడొచ్చేదని తర్వాత డాక్టరు అన్నాడు. కుట్లు వేశారు, సగం పట్టలేదు, ఆ చర్మం నల్లబడిపోయింది. మూడు నెలలు కట్లు కట్టించాం.

ఆ రోజు ఇంటికి తెచ్చాక మీ అమ్మమ్మ అడిగింది, ఎలా జరిగిందిరా అని. "కాలు ఊపింది" అన్నాను. రెండే మాటలు. మంచం మీద పడుకున్న అయిదేళ్ళ పిల్ల నా మొహంకేసి చూసింది. ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి అదీ నమ్మేసింది.

దాని పెళ్ళిలో పారాణి రాస్తూ రాస్తూ ఆ మచ్చ దగ్గరికి వచ్చేసరికి మీ అత్తయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను పందిట్లో ఏదో పనున్నట్టు అవతలికి వెళ్ళిపోయాను.

అందుకని మీవాడికి కాళ్ళు ఊపొద్దని చెప్పడం మానెయ్. నాలుగేళ్ళ వెధవ ఊపుతాడు. నిద్రపోతాడు, నిద్రలో కాలు జారుతుంది. వాడేం చేసినా పాదం చక్రంలోకి వెళ్ళే సందు ఉండకూడదు, అది నీ పని. సీటు తొట్టెల పట్టీలు బిగించు. అవి ఉన్నాయి కదా అని ఊరుకోకు, చక్రానికి రెండు పక్కలా జాలీ వేయించు, వాడి కాలివేలు దూరనంత సన్నది. చెప్పులు కాదు, బూట్లు వెయ్యి. నెలకోసారి ప్రతి బోల్టూ చేత్తో పట్టుకుని కదిపి చూడు. సముద్రం పక్క ఊరు మనది, ఏదీ కొన్నట్టు ఉండదు. తుప్పు కనిపిస్తే ఆ రోజే మార్చు. సోమవారం అనుకోకు.

సైకిలు ఎప్పుడైనా బరువెక్కినట్టు అనిపిస్తే తొక్కకు. ఆపెయ్. గాలి అయినా సరే, ఆపి వెనక్కి చూడు.

పెద్ద చెప్పొచ్చాడు మామయ్య అని మూతి తిప్పుకుంటున్నావేమో. తిప్పుకో. నువ్వు బాగా తొక్కుతావని నాకు తెలుసు, నేర్పిందే నేను. నేనూ బాగానే తొక్కేవాణ్ణి.

ఆదివారం పొద్దున్న ఏడింటికి వస్తాను. జాలీ, బోల్టులు, గ్రీజు నేను తెస్తాను. అప్పటిదాకా వాణ్ణి ఎక్కించకు. ఇడ్లీలు చెయ్యి, పల్లీ చట్నీ పల్చగా వద్దు.

పద్మకి నేనే ఫోన్ చేసి చెప్తాను. నువ్వు తొందరపడి చెప్పకు. మీ అత్తయ్యకీ తెలీదు. మధ్యాహ్నం అటక ఎక్కి వెతికాను, గార్డు అక్కడే ఉంది, పట్టుకుంటే అంచు పొడిపొడిగా రాలింది. కింద నిచ్చెన పట్టుకుని "ఏటి వెతుకుతున్నారు" అని అడిగింది. పాత స్పానరు అన్నాను.

మీ మామయ్య