ఇంటర్‌ఛేంజ్ పచ్చదనం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైవే ఇంటర్‌ఛేంజ్‌లో (రోడ్లు పైనా కిందా దాటుతూ కలిసే కూడలి) లూపు ర్యాంపు, అంటే ఒక రోడ్డు నుంచి ఇంకోదానికి గుండ్రంగా తిప్పే దారి, మధ్య జాగాలో మూడు వందల మొక్కలు నాటించాం. నీళ్లు తప్పకుండా పోస్తున్నా ఏడాది తిరక్కుండానే సగం ఎండిపోయాయి. ఎండినవాటిని పీకి చూస్తే గుంత అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎందుకిలా?

జవాబు: నీళ్లు నిలిచాయంటే ఆ మొక్కలు చచ్చింది దాహంతో కాదు, వేరు కుళ్లి. రోడ్డు పని జరిగినన్నాళ్లూ రోలర్లు, టిప్పర్లు తిరిగేది ఆ జాగాలోనే. కంకర, కాంక్రీటు పెళ్లలు, మిక్సరు కడిగిన నీళ్లు పడేదీ అక్కడే. పనైపోయాక పైన పది సెంటీమీటర్ల మట్టి పరిచి పచ్చిక వేస్తే చూడ్డానికి తోటలాగే ఉంటుంది, కింద నేల మాత్రం బండ. అందులో తవ్విన గుంత కుండతో సమానం. పోసిన నీళ్లు ఇంకవు, వేరు పక్కకు పాకదు.

మళ్లీ నాటే ముందు నాలుగైదు చోట్ల 30 సెం.మీ. లోతు గుంత తీసి నీళ్లతో నింపండి. అవి ఇంకాక రెండోసారి నింపి, స్కేలు నిలబెట్టి చూడండి. గంటకు 2.5 సెం.మీ. కూడా దిగకపోతే మొక్క తేవద్దు, ముందు నేల సంగతి చూడాలి. లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే సిమెంటు వల్ల నేలలో క్షారం పెరిగి ఇనుము అందడం లేదేమోనని అనుమానించాలి. మట్టి పరీక్షలో పీహెచ్ 8 దాటితే పెళ్లలు ఏరించక తప్పదు.

నేల పొడిగా ఉన్నప్పుడు రిప్పర్ పంటితో (మిషనుకు తగిలించి నేలను లోతుగా చీల్చే ఇనుప కొక్కెం) 45 నుంచి 60 సెం.మీ. లోతు చీల్చించండి. తడి నేలను చీలిస్తే చీలిక పక్కలు నున్నగా మెత్తుకుపోతాయి, చేసిన పని దండగ. తర్వాత 5 సెం.మీ. మందాన బాగా మాగిన కంపోస్టు పరిచి పై 20 సెం.మీ. మట్టిలో కలపాలి. వెయ్యి చదరపు మీటర్లకు 50 ఘనపు మీటర్లు పడుతుంది. గుంత వేరుముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తుకు మించొద్దు.

లైట్ల కేబుళ్లు, డ్రెయిన్ పైపులు ఎక్కడున్నాయో తెలుసుకుని గుర్తులు పెట్టకుండా మిషను దించకండి. ఆర్‌ఈ వాల్ (మట్టిలో పాతిన పట్టీలతో నిలిచే గట్టు గోడ) వెనక అసలు చీల్చొద్దు. గోడను పట్టి ఉంచే పట్టీలు సాధారణంగా గోడ ఎత్తులో కనీసం 70 శాతం దూరం దాకా వెనక్కి పాతి ఉంటాయి. గట్టు వాలు మీద కూడా ఇంజినీరు అనుమతి లేనిదే పని పెట్టుకోకూడదు.

ప్రశ్న: ర్యాంపు వచ్చి హైవేలో కలిసేచోట పూలమొక్కలు పెట్టాలని ఉంది. ఎంత ఎత్తు దాకా పెరగనివ్వచ్చు?

జవాబు: కారు నడిపేవారి కన్ను రోడ్డు మీది నుంచి సుమారు 1.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చూపు సాగాల్సిన మేరలో మొక్క 60 సెం.మీ. దాటకుండా చూడండి. కొలత మొదలుపెట్టాల్సింది రోడ్డు మట్టం నుంచి, మొక్క మొదలు నుంచి కాదు. మట్టి దిబ్బే 40 సెం.మీ. ఉంటే మొక్కకు మిగిలేది 20. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

నర్సరీలో చూసిన ఎత్తును నమ్మకండి, మూడేళ్ల తర్వాతి ఎత్తు అడగండి. గన్నేరు గట్టి మొక్కే, కానీ వదిలేస్తే మూడు మీటర్లు లేస్తుంది. దాన్ని కత్తిరించిన ప్రతిసారీ ఒక మనిషి పరుగెత్తే బళ్ల పక్కన నిలబడాలి. ఆ ప్రాణాన్ని లెక్కలో వేసుకున్నాకే మొక్కను ఎంచాలి. రెండు దారులు చీలే ముక్కు దగ్గర ఏమీ నాటకండి, అదుపు తప్పిన బండి ముందుగా ఎక్కేది అక్కడికే. కాండం 10 సెం.మీ. దాటే చెట్లను కూడా బండి దూసుకుపోగల మేరకు ఆవలే ఉంచాలి. వేగం ఎక్కువున్న రోడ్లకు ఆ దూరం సుమారు 9 మీటర్లు.

ప్రశ్న: వంతెన గోడ సందుల్లో రావి మొలకలు పదేపదే వస్తున్నాయి. పీకుతూనే ఉన్నాం.

జవాబు: పీకితే పైన తెగుతుంది, లోపలి వేరు మళ్లీ చిగురిస్తుంది. వేలు మందం కాకముందే మొదలు దాకా కోసి, కొన్ని నిమిషాల్లోనే ఆ కోతకు గ్లైఫోసేట్ అనే కలుపు మందు బ్రష్‌తో పూయండి. కోసిన మొదళ్లకు డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతే కలపాలి. పాలు కారుతుంటే తుడిచి పూయాలి. పూర్తిగా ఎండాక సందును ఇంజినీరు చెప్పిన సీలెంటుతో మూయించండి. గోడలో నీళ్లు కారడానికి వదిలిన రంధ్రాలను మాత్రం పొరపాటున కూడా పూడ్చొద్దు. అవి మూసుకుపోతే వెనక నీరు చేరి గోడనే ముందుకు నెడుతుంది.

ప్రశ్న: వాలు మీద డ్రిప్ వేశాం. పై వరస ఎండుతోంది, కింది వరస కుళ్లుతోంది.

జవాబు: వాల్వు కట్టేశాక పైపులో మిగిలిన నీళ్లన్నీ కింది డ్రిప్పర్లలోంచి కారిపోతాయి. రోజూ ఇదే జరుగుతుంటే కింది మొక్కలు మునిగినట్టే. పైపులను వాలుకు నిలువుగా కాక అడ్డంగా పరిచి, పై వరసలకూ కింది వరసలకూ వేర్వేరు వాల్వులు పెట్టండి. డ్రిప్పర్లు ఒత్తిడి మారినా ఒకే ధార ఇచ్చేవి, నీరు ఆపగానే మూసుకునేవి తెప్పించండి. ఒకేసారి గంటసేపు వదలకుండా పావుగంట చొప్పున, మధ్యలో ఇంకడానికి ఎడమిచ్చి నాలుగు విడతలుగా వదలండి.